పత్తి పురుగు కోసం లైబ్రరీల చుట్టూ నెల రోజులు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందే చెప్తున్నా, నేను అగ్రికల్చర్ చదివినోణ్ణి కాదు. హైదరాబాద్‌లో అకౌంట్స్ పని చేసుకునే మామూలు ఉద్యోగిని. మా బాపుకి జమ్మికుంట దగ్గర నాలుగెకరాల పత్తి ఉంది. పోయిన దసరాకి ఇంటికెళ్తే ఒక పచ్చి కాయ తెంపి తెచ్చి నా ముందే గోటితో చీల్చి చూపించాడు. లోపల సన్న గులాబీ రంగు పురుగు, గింజలోకి తల పెట్టి హాయిగా తింటోంది. కాయ బయట చూస్తే ఒక్క రంధ్రం కూడా కనబడట్లేదు. "బీటీ అంటిరి, పురుగు రాదంటిరి, మరి గిదేందిరా" అన్నాడు. బీటీ పత్తి అంటే పురుగుని చంపే ప్రొటీన్ మొక్కలోనే తయారయ్యేలా ఒక బ్యాక్టీరియా జన్యువు ఎక్కించిన పత్తి. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కదా, జవాబు నేనే చెప్పాలన్నట్టు చూస్తున్నాడు.

యూట్యూబ్ పెడితే ఒకాయన మందు అమ్ముకుంటున్నాడు, ఇంకొకాయన అంతా విదేశీ కుట్ర అంటున్నాడు, ఇద్దరికీ లక్షల్లో వ్యూస్. ఇట్ల కాదని లైబ్రరీల మీద పడ్డా. శనివారాలు పొద్దంతా, మిగతా రోజులు రాత్రి పది తర్వాత, నెల రోజులు. అగ్రి బయోటెక్నాలజీ గురించి సొంతంగా తెలుసుకోవాలంటే ఏం వాడొచ్చు, ఏది మనలాంటి బయటోళ్లకి అందదు, నాకు తెలిసినంత రాస్తున్నా. ఎమ్మెస్సీ ఫస్టియర్ పిల్లలకి కూడా పనికిరావచ్చు.

మొదట ఒక పెద్ద లైబ్రరీకే నేరుగా వెళ్లా. పేరు చెప్పను, చెప్తే అక్కడ మంచిగా ఉన్న ఇద్దరు ముగ్గురికి ఇబ్బంది. గేటు దగ్గరే అరగంట పోయింది. స్టూడెంటా అన్నారు, కాదన్నా. స్టాఫా అన్నారు, కాదన్నా. మరి ఎందుకొచ్చారు అంటే పత్తి పురుగు గురించి చదవడానికి అన్నా, వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి ఓసారి చూశాడు. చివరికి ఒక లెటర్ రాయించుకుని, ఆధార్ జిరాక్స్ తీసుకుని, బ్యాగు బయట పెట్టించి లోపలికి పంపారు. కంప్యూటర్లు ఆరు ఉంటే ఆన్ అయ్యేవి రెండు, ఆ రెండింటి దగ్గరా పిల్లలు గ్రూప్స్ నోటిఫికేషన్ చూసుకుంటున్నారు.

పుస్తకాల సంగతి ఇంకో కథ. నేను వ్యవసాయం అని రాసి ఉన్న ర్యాక్ దగ్గర నిలబడి గంట వెతికా, సగం పుస్తకాలు అక్కడ లేనే లేవు. తర్వాత తెలిసింది ఏంటంటే లైబ్రరీ నంబర్ల లెక్కలో వ్యవసాయం 630 దగ్గర ఉంటుంది, పత్తి పంట 633.51 దగ్గర, బయోటెక్నాలజీ ఏమో 660.6 అని ఎక్కడో కెమికల్ ఇంజినీరింగ్ పక్కన, రైతుల ఖర్చులూ రేట్లూ అయితే 338 దగ్గర ఎకనామిక్స్‌లో. అంటే ఒక్క బీటీ పత్తి కోసం నాలుగు మూలలు తిరగాలి. ఇది ఆ లైబ్రరీ తప్పు కాదు, ఆ పద్ధతే అంత, కానీ గోడ మీద ఒక కాగితం అంటిస్తే ఎంత బాగుండేది. నాకు దొరికిన బయోటెక్ పుస్తకం 1998ది. అందులో మన దేశానికి బీటీ పత్తి త్వరలో రావచ్చు అని రాసి ఉంది. మనకి అనుమతి వచ్చింది 2002 మార్చిలో! ఈ సబ్జెక్ట్‌కి పుస్తకాలు బేసిక్స్ వరకే, జన్యువు అంటే ఏంటి, మొక్కలోకి ఎట్ల ఎక్కిస్తారు, అంతే. ఆ తర్వాత సంగతులకి జర్నల్స్, థీసిస్‌లే దిక్కు. బిల్డింగ్‌కి రెండు స్టార్లు.

అక్కడి లైబ్రేరియన్ మేడమ్‌కి మాత్రం ఐదుకి ఐదు, ఇంకా ఉంటే అవి కూడా. నేను రెండు గంటలు కొట్టుకుంటుంటే వచ్చి, ఏం బాబూ ఏం కావాలి అని అడిగి, కూర్చోబెట్టి మూడు ముక్కలు చెప్పారు. ఒకటి, బయోటెక్నాలజీ అని కొట్టకు, డిపార్ట్‌మెంట్ పేరులోనే ఆ మాట ఉన్న ప్రతీ థీసిస్ వచ్చి పడుతుంది. రెండు, పురుగు శాస్త్రీయ నామంతో కొట్టు, పెక్టినోఫోరా గాసిపియెల్లా. మూడు, ఊరికే ఇంటికెళ్లి కృషికోశ్ చూడు, ఇక్కడికొచ్చి బస్ చార్జీ దండగ చేసుకోకు. తన లైబ్రరీకి రావద్దని చెప్పే లైబ్రేరియన్‌ని మొదటిసారి చూశా.

కృషికోశ్ నాకు అప్పటిదాకా తెలియదు. ఐసీఏఆర్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి వాళ్ల డిజిటల్ లైబ్రరీ ఇది, దేశంలోని వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లు అందులో పెడతారు. మన రాజేంద్రనగర్ యూనివర్సిటీవి, గుంటూరు లాం వైపు రంగా యూనివర్సిటీవి కూడా. డబ్బు కట్టక్కర్లేదు. కొన్నింటికి మాత్రం కొంతకాలం ఫుల్ టెక్స్ట్ తెరవరు, సారాంశం వరకే చదువుకోవాలి. మామూలు యూనివర్సిటీల పీహెచ్‌డీలకి శోధ్‌గంగ ఉంది, అదీ ఫ్రీనే, కానీ పొలంలో ట్రయల్స్ పెట్టి లెక్కలు తీసిన పని కావాలంటే కృషికోశే. మన నేల, మన హైబ్రిడ్లు, మన వర్షాలు. అమెరికా పేపర్ చదివితే అక్కడి పత్తి ఎక్కువగా సూటి రకాలు, మనకేమో హైబ్రిడ్లు, లెక్క ఎక్కడ కలుస్తుంది?

థీసిస్ చదవడానికి ఒక కిటుకు ఉంది. రెండో చాప్టర్ అంటే రివ్యూ ఆఫ్ లిటరేచర్, అప్పటిదాకా ఆ టాపిక్ మీద ఎవరెవరు ఏం చేశారో ఒకచోట కుప్పేసి ఉంటుంది, అది చదివితే సగం పని అయిపోయినట్టే. కానీ జాగ్రత్త, నాకు మూడు వేర్వేరు థీసిస్‌లలో ఒకే వాక్యం, ఒకే స్పెల్లింగ్ తప్పుతో సహా కనబడింది! అందరూ ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకున్నదే. కాబట్టి అసలు పేపర్ దాకా వెళ్లాల్సిందే. నేను అట్ల వెళ్లి పట్టుకుందే 2005లో కరెంట్ సైన్స్‌లో వచ్చిన పేపర్, నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ వాళ్లది, క్రాంతి గారి బృందం. ఆ జర్నల్ పాత సంచికలు ఫ్రీగా దొరుకుతాయి. అందులో చూపించింది ఏంటంటే బీటీ మొక్కలో ఆ విషపు ప్రొటీన్ అన్ని భాగాల్లో ఒకేలా ఉండదు, ఆకుల్లో ఎక్కువ, పూల అండాశయంలో, కాయ తొక్కలో తక్కువ, పైగా పంట ముదిరేకొద్దీ తగ్గిపోతూ ఉంటుంది. వాళ్లు చూసింది శనగపచ్చ పురుగు మీద, గులాబీ పురుగు మీద కాదు, అది గుర్తుపెట్టుకోవాలి. అయినా నాకు బాపు చీల్చిన కాయ గుర్తొచ్చింది, పురుగు ఉండేది ఆకు మీద కాదు కదా, కాయ లోపల.

ఇంకో సంగతి, టేబుళ్లు. మొదటి థీసిస్‌లో కాయ నష్టం శాతం టేబుల్ తెరిస్తే ప్రతి గడిలో రెండు అంకెలు, ఒకటి మామూలుగా, ఒకటి బ్రాకెట్‌లో. నేను బ్రాకెట్‌లోదే అసలు శాతం అనుకుని అంతా నోట్ చేసుకున్నా, మూడు పేజీలు! రెండోసారి లైబ్రరీకి వెళ్లినప్పుడు ఎంటమాలజీ, అంటే పురుగుల శాస్త్రం చదివే ఒక అమ్మాయి చూసి నవ్వేసింది. అవి ఆర్క్‌సైన్ విలువలు అంకుల్, స్టాటిస్టిక్స్ కోసం మార్చినవి, మీకు కావాల్సింది బయట ఉన్నవి అంది. అంకుల్ అన్నందుకు కొంచెం బాధేసింది కానీ విషయం తెలిసింది. కింద సీడీ (క్రిటికల్ డిఫరెన్స్) అని ఒక అంకె ఉంటుంది, రెండు రకాల మధ్య తేడా దానికంటే తక్కువైతే తేడా లేనట్టే లెక్క. ఈ ఒక్కటి తెలిస్తే విత్తన కంపెనీ కరపత్రాల్లో మా రకం ఎక్కువ దిగుబడి అన్న మాటలు చదవడం మారిపోతుంది. కృషికోశ్‌కి నాలుగున్నర.

ఇక డబ్బున్నోళ్ల సామాను. క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్ అని వ్యవసాయానికి పెద్ద ఇండెక్స్, 1973 నుంచీ ఉంటుంది, చందా కట్టిన సంస్థలోపల కూర్చుంటేనే. సెరా అని వ్యవసాయ యూనివర్సిటీలన్నీ కలిసి జర్నల్స్ చదువుకునే ఏర్పాటు ఉంది, అదీ క్యాంపస్ నెట్‌వర్క్ ఉంటేనే. 2025 జనవరి నుంచి జర్నల్స్ చందా కేంద్రమే కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం మొదలైంది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. వినడానికి బ్రహ్మాండం, కానీ అది సర్కారు విద్యా సంస్థలకి, పరిశోధన సంస్థలకి. పేరులో నేషన్ అని ఉంది కానీ బాపు లేడు, నేనూ లేను, ప్రైవేట్ కాలేజీలో చదివే మా మేనల్లుడూ లేడు. యూనివర్సిటీలో తెలిసినోళ్లు ఉంటే అక్కడికెళ్లి చదువుకోండి, లేకపోతే పేపర్ రాసినాయనకే మెయిల్ పెట్టండి. నేను ఇద్దరికి పెట్టా, ఒకాయన రెండు రోజుల్లో పీడీఎఫ్ పంపించాడు.

ఫ్రీవాటిలో ఎఫ్‌ఏవో, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ల అగ్రిస్ అనే ఇండెక్స్ మంచిది, 1970ల నుంచి నడుస్తోంది. దాని పక్కనే అగ్రోవాక్ అని వ్యవసాయ పదాల పెద్ద జాబితా ఉంది, అందులో తెలుగు కూడా ఉంది! అన్ని పదాలకీ లేదు, ఉన్న కొన్ని తెలుగు మాటలు కూడా ఊళ్లో ఎవరూ అనని రకం. కానీ ఒక పురుగుకి సరైన ఇంగ్లిష్, లాటిన్ పేరు పట్టుకోవడానికి పనికొస్తుంది, ఎందుకంటే పురుగు పట్టి విచ్చుకోని పూలని రైతు గుడ్డి పూలు అంటాడు, డేటాబేస్‌లో అవి రోజెట్ పూలు. ఈ మాట తెలియక నేను ఒక రాత్రంతా పువ్వు ఎండిపోవడం అని వెతికా. మూడున్నర స్టార్లు.

అన్నీ పాత గొడవలే కాదు, కొత్తవి కూడా దొరికాయి. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి రెండూ మన ఇంటి బిడ్డలే అని తెలుసా? డీఆర్ఆర్ ధాన్ 100 అంటే కమల, మన బాపట్ల సాంబ మసూరిని రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఐఐఆర్ఆర్ వాళ్లు ఎడిట్ చేసింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1, ఢిల్లీలో చేశారు కానీ మూలం మన మారుటేరు పరిశోధన కేంద్రం రకం ఎంటీయూ 1010. బయటి జన్యువు పెట్టకుండా ఉన్నదాన్నే సవరించడం కాబట్టి 2022లో వచ్చిన మినహాయింపు కింద వీటికి బీటీ పత్తి లాంటి పెద్ద అనుమతుల తతంగం లేదు. సెర్చ్‌లో మాత్రం రెండూ కలగాపులగంగా వస్తాయి. ట్రాన్స్‌జెనిక్ (బయటి జన్యువు పెట్టినవి) అని కొడితే పాత లోకం, జీనోమ్ ఎడిటింగ్ అని కొడితే కొత్త లోకం, ఒకటి కొట్టి అంతా చూసేశా అనుకోవద్దు.

సర్కారు కాగితాలు కూడా చూడండి, జన్యుమార్పిడి పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ మీటింగ్ మినిట్స్ పబ్లిక్‌గా ఉంటాయి, బోరింగ్‌గా ఉంటాయి కానీ అసలు విషయం అక్కడే. పాత తెలుగు పత్రికల బైండింగులు ఉన్న చోట అవి కూడా తిరగేయండి. దుమ్ముకి తుమ్ములు రావడం ఖాయం. 2006లో మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బీటీ టెక్నాలజీ కంపెనీ మోన్‌శాంటో మీద ఎంఆర్‌టీపీసీకి (గుత్తాధిపత్యం ఫిర్యాదులు వినే కమిషన్) వెళ్లి, 1,600 రూపాయల పైన ఉన్న బీటీ విత్తన ప్యాకెట్‌ని 750కి దింపిన కథ, అప్పట్లో ఇంట్లో వినడమే కానీ నాకు సరిగా తెలియదు. ఎవరో పాఠకుడు అంచున పెన్నుతో శభాష్ అని రాసి పెట్టాడు, లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదు కానీ నాకు నచ్చింది.

ఇంతకీ బాపు ప్రశ్నకి జవాబు? గులాబీ పురుగు మొదటి తరం బీటీకి తట్టుకోవడం నేర్చిందని 2010లో మోన్‌శాంటో వాళ్లే ఒప్పుకున్నారు, గుజరాత్‌లో. తర్వాత రెండు జన్యువుల బీటీ2కి కూడా తట్టుకుంది. ఒక కారణం, అప్పట్లో 450 గ్రాముల విత్తన ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల చిన్న ప్యాకెట్‌ని, అంటే బీటీ కాని గింజల్ని, వేయకపోవడం. దాన్ని చేను చుట్టూ వేస్తే మామూలు పురుగులు బతికి, మొండి పురుగులతో కలిసి సంతానాన్ని మెత్తబరుస్తాయని లెక్క. మరొకటి, పత్తిని ఎండాకాలం దాకా చేలోనే ఉంచేయడం, పురుగుకి ఏడాదంతా తిండే కదా.

ఫోన్‌లో ఇదంతా చెప్పి, ఆ చిన్న ప్యాకెట్ ఏం చేసేవాళ్లం మనం అని అడిగా. కాసేపు మాట లేదు. "గట్టు మీద పారేసినం, ఎవలేసిండ్రు గది" అన్నాడు. ఆ థీసిస్‌లో పురుగు ఫొటో, టేబుల్ ఉన్న రెండు పేజీల ప్రింట్ తీసి పోయిన ఆదివారం ఇంటికి తీసుకెళ్లా. ఇంగ్లిష్‌లో ఉంది బాపూ అన్నా వినలేదు. నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకుని, విత్తనాల షాపాయనతో మాట్లాడేది ఉందని జమ్మికుంట బస్సెక్కాడు.