రాయవేలూరులో పదకొండు రోజులు

మా పక్క ఏ రోగం ముదిరినా చివరికి అందరూ చెప్పేది ఒకటే మాట, రాయవేలూరుకి పోండి అని, అంటే తమిళనాడు వేలూరులో ఉండే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) ఆస్పత్రికి. మేం మదనపల్లె వాళ్ళం. అమ్మకి చాలా ఏళ్ళుగా షుగరు, పాదాలు మొద్దుబారిపోయాయి, మొన్న చలికాలంలో అరికాలికి ఏదో గుచ్చుకుంటే ఆమెకే తెలీలేదు, పుండు పడి సాక్సుకి తడి అంటాక చూశాం. మూడు రోజుల్లో వచ్చేద్దామని పోయి పదకొండు రోజులున్నాం. పోయేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మాకు చిత్తూరు మీదుగా బస్సే సులువు. రైల్లో వచ్చేవాళ్ళు కాట్పాడిలో దిగాలి, ఆస్పత్రి అక్కణ్ణుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. ఎక్కడ దిగినా ఆటోవాళ్ళు "మంచి లాడ్జి ఉంది సార్" అని తెలుగులోనే పలకరిస్తారు, అక్కడ వాళ్ళకి కమీషన్ ఉంటుంది, మేం పడిందీ అందులోనే. రూము మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, కాలికి కట్టు ఉన్న మనిషిని ఆ మెట్లెక్కించేసరికి నాకే కళ్ళు తిరిగాయి. మూడు రోజుల అడ్వాన్సు కట్టించుకుని మర్నాడు ఖాళీ చేస్తామంటే పైసా వెనక్కివ్వలేదు. రూము చూడకుండా డబ్బులు కట్టొద్దు, నేను చెప్పేది అంతే.

తర్వాత సందులో కింద రూము దొరికింది, రోజుకి 600, గ్యాస్ స్టవ్వు గిన్నెలు అద్దెకిస్తారు. షుగరు మనిషికి హోటల్ తిండి ఎన్నాళ్ళు పెడతాం, అమ్మ రాగిసంగటి చేసుకుంది. పక్క రూముల్లో అంతా బెంగాల్ వాళ్ళే, బోర్డులు కూడా బెంగాలీలో ఉంటాయి, పొద్దున్నే ఆవనూనెలో చేపల వాసన. మొదట్లో ముక్కు మూసుకున్న అమ్మ నాలుగో రోజుకి ఆ ఇంటావిడతో చేతులూపుకుంటూ అర్ధగంట మాట్లాడింది, ఏం అర్థమయిందో ఇద్దరికీ.

ఆస్పత్రికి ఆన్‌లైన్‌లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని పోండి. మేం తీసుకోలేదు, మా తప్పే, ఒక పూట పోయింది. ఆ వరండాలో కూర్చున్నప్పుడే అమ్మ అడిగింది, "రోడ్డు పేరూ ఇడానే, బిల్డింగు పేరూ ఇడానే, ఎవురు నాయనా ఈమె" అని.

స్కడర్ల ఇంటి ఆడపిల్లమ్మా అన్నాను. వాళ్ళ తాత జాన్ స్కడర్ న్యూయార్క్‌లో మంచి ప్రాక్టీసున్న డాక్టరు, 1819లో భార్యతో ఓడెక్కి సిలోనుకి, తర్వాత మద్రాసుకి వచ్చాడు. కొడుకుల్లో చాలామంది ఇక్కడే మిషనరీలయ్యారు. ఇడా 1870లో రాణిపేటలో పుట్టింది, ఆరేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కరువు, ఆకలికి పడిపోతున్న పిల్లలకి రొట్టె ముక్కలు పంచిందంట. ఏ కరువనుకున్నారు, మన ధాత కరువే. అమ్మ వెంటనే "మా జేజికి వాళ్ళ జేజి చెప్పిందంట, గడ్డలు తవ్వుకుని తిన్నారని" అంది.

ఇడాకి ఈ దేశంలో ఉండే ఉద్దేశమే లేదు, అమెరికాలో చదువుకుని తల్లికి బాగాలేదని వచ్చింది. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాన్పు కష్టమైంది రమ్మన్నారు, నేను డాక్టర్ని కాదు మా నాన్న వస్తాడంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు. ఆమె అమెరికాకి పోయి డాక్టరు చదివి 1900లో తిరిగొచ్చి ఒక్క మంచంతో ఈ ఆస్పత్రి మొదలుపెట్టింది, 1918లో ఆడపిల్లలకి మెడికల్ స్కూలు పెడితే 1922లో 14 మంది డాక్టర్లుగా బయటికొచ్చారు. మతం కోసమే వచ్చారు కదా అంటాడు మా బాబాయి. అవును, వాళ్ళు దాచుకోనూ లేదు. కానీ మదనపల్లెలో ఎం.ఎల్.ఎల్. ఆస్పత్రి పెట్టిందీ ఈ స్కడర్ల ఆర్కాట్ మిషనే అన్నానో లేదో అమ్మ అందుకుంది, "నిన్ను కన్నది ఆడనే కదరా".

చివరి మూడు రోజులు చెప్పుల కోసమే ఆగాం. ఒకాయన కాగితం మీద అమ్మ పాదం పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీశాడు, పెన్సిల్ మడమకి రాసుకుంటున్నా అమ్మ వేరే వైపు చూస్తూ కూర్చుంది. లోపల మెత్తటి రబ్బరు, కింద గట్టిది, ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులంటారు. కుష్ఠు పాదాల పుండ్లు తగ్గించడానికి ఇలాంటివి ఇక్కడ బాగా వాడారు. పాల్ బ్రాండ్ అని సర్జన్, ఈయనా కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకి పుట్టినోడే, 1946లో వేలూరికి వచ్చాడు. వేళ్ళు రోగంతో వాటంతటవే కుళ్ళి రాలిపోవు, నొప్పి తెలీక దెబ్బలు తగిలి పోతాయని తేల్చాడు. పొద్దున్న లేచేసరికి వేలు ముక్క లేదంటే ఏంటని కాపలా ఉండి చూస్తే రాత్రి ఎలుక కొరుకుతోంది, మనిషి కదలట్లేదు. పిల్లుల్ని పెంచమన్నారంట. ఇది విన్నాక అమ్మ లాడ్జిలో కాళ్ళు దుప్పట్లోంచి బయట పెట్టలేదు.

ఖాళీ రోజులుంటే సాయంత్రం కోటకి పోండి, 1806లో సిపాయిలు తిరగబడింది ఇక్కడే, జలకంఠేశ్వరుడి గుడి చాలా బాగుంటుంది, కందకం పక్కన గాలి. శ్రీపురం బంగారు గుడికి మాత్రం కాలు బాగలేనివాళ్ళని తీసుకెళ్ళొద్దు, నక్షత్రం ఆకారం దారిలో దాదాపు రెండు కిలోమీటర్లు నడవాలి. నేనొక్కణ్ణే పోయొచ్చా.

చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలన్నారు, రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోమన్నారు. ఇంట్లో చెప్పులేసుకుని తిరిగేదేంది అని వారం రోజులు గడప బయటే వదిలేసింది. ఇప్పుడు వంటింట్లోకి వస్తున్నాయి. దేవుడి గూటి ముందుకి మాత్రం ఇంకా ఉత్తి కాళ్ళతోనే పోతోంది, అక్కడ ఒక మెత్తటి పట్టా పరిచాను.