కొత్త గొంతులు వినాలంటే ఏది మేలు: ఫోనా, రేడియోనా?

వెనక సినిమా కంపెనీ గానీ పాటలు విడుదల చేసే పెద్ద లేబుల్ గానీ లేకుండా సొంతంగా పాటలు కట్టి పాడేవాళ్ళకి మన దగ్గర కొదవ లేదు. శ్రీకాకుళం కాలేజీల్లో గిటార్ పట్టుకున్న పిల్లలున్నారు. జముకు పట్టి కథ చెప్పేవాళ్ళున్నారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, సాయంత్రాలు ఇంట్లోనే రికార్డు చేసుకునేవాళ్ళున్నారు. పాత పాటని తమ పద్ధతిలో మళ్ళీ పాడే కవర్ సింగర్లకైతే లెక్కే లేదు. చిక్కల్లా వాళ్ళ పాట మన చెవిదాకా రావడమే.

దానికి ఇప్పుడు నాలుగు దారులున్నాయి. ఫోన్‌లో యూట్యూబ్, స్పాటిఫై లాంటివి ఒకటి. విశాఖ ఆకాశవాణి ఒకటి. ఊరి కమ్యూనిటీ రేడియో ఒకటి. నెట్‌లో వినిపించే దూరపు కమ్యూనిటీ రేడియోలు ఇంకొకటి. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను: కొత్తవాళ్ళని కనిపెట్టడానికి రేడియో, కనిపెట్టినవాళ్ళని వదలకుండా వినడానికి ఫోన్.

ముందు ఫోన్ సంగతి. దాని గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు. అడిగిన పాట అడిగిన నిమిషంలో వస్తుంది, నచ్చితే పదిసార్లు వినొచ్చు, పాడినవాళ్ళ మిగతా పాటలన్నీ అక్కడే ఉంటాయి. రాజాంలో పాడింది రాజమండ్రిలో వింటారు. కానీ ఆ పాట మన ముందుకి ఎలా వస్తుందో చూడండి. మనం ఇంతకుముందు ఏం విన్నామో, మనలాంటి వాళ్ళు ఏం విన్నారో లెక్కకట్టి దానికి దగ్గరగా ఉన్నదే పెడుతుంది. ఎవరూ వినని పాట గురించి దానికి లెక్క ఉండదు, అందుకని దాన్ని ముందుకి తోయదు. ఎవరూ వినకపోవడానికి కారణం ముందుకి రాకపోవడమే. కొత్తగా పాడేవాళ్ళు ఈ సుడిలోనే ఇరుక్కుంటున్నారు. స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చింది. 2024 నుంచి అక్కడ ఒక పాటని గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1000 సార్లు వినకపోతే దానికి రాయల్టీ, అంటే పాట విన్నందుకు వచ్చే డబ్బు, లెక్కలోకే రాదు. పెద్ద పేరున్నవాళ్ళకి వెయ్యి అంటే ఒక పూట. నరసన్నపేటలో మొదటి పాట పెట్టినవాళ్ళకి అది కొండ.

కవర్ పాటల దగ్గర ఫోన్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. 'నాదీ నక్కిలీసు గొలుసు' పాట మీకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరాంధ్ర జానపదం అది. 2020లో 'పలాస 1978' సినిమాలో వచ్చాక ఊరూరా మోగింది. ఇప్పుడు ఆ మాట టైప్ చేస్తే సినిమా పాట, దాని మీద డ్యాన్సులు, డీజే మిక్సులు వరుసగా వస్తాయి. సినిమాకి ముందు దాన్ని ఎవరు ఎలా పాడేవారో వెతుక్కోవాలంటే చాలా కిందికి వెళ్ళాలి. అసలు జానపదం ఏది, దాన్ని చూసి పాడింది ఏది అన్న తేడా ఫోన్‌కి అక్కర్లేదు. ఎక్కువమంది చూసింది పైన, మిగతాది కింద, అంతే. వినేవాళ్ళకి మాత్రం ఆ తేడా కావాలి. పాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే పాడినవాళ్ళు ఏం మార్చారో వినపడుతుంది. కవర్ వినడంలో రుచంతా ఆ మార్పులోనే ఉంది.

రేడియోలో పాటకి ముందో వెనకో ఒక మనిషి మాట్లాడతాడు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి పాట, ఎందుకు వేశాను అని చెప్తాడు. ఆ నాలుగు ముక్కలే నాకు ముఖ్యం. ఆ మనిషి తన ఇష్టాన్ని నమ్మి, అంతవరకూ ఎవరూ వినని పాటని సాయంత్రం ఏడింటికి మన నెత్తిన పెట్టగలడు. 'ఇది కూడా వినండి' అనడానికి అతనికి ఏ లెక్కా అక్కర్లేదు.

కమ్యూనిటీ రేడియో అంటే ఏంటో చాలామందికి తెలియదు, కొంచెం వివరంగా చెప్తాను. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత 2002లో విద్యాసంస్థలకి, 2006 చివర్లో స్వచ్ఛంద సంస్థలకి చిన్న రేడియో స్టేషన్లు పెట్టుకునే వీలొచ్చింది. లాభం కోసం నడపకూడదు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో కలిసి తయారుచేసినవి కావాలి, వీలైనంతవరకు అక్కడి భాషలో, యాసలో ఉండాలి. జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి ఇలాగే నడుస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ ఉంది. మన సంగతికొస్తే, 'ఏటండీ, ఎలాగున్నారు' అని పలకరించి, తప్పెటగుళ్ళు కట్టే బృందం చేతనే వాళ్ళ పాట గురించి చెప్పించగలిగేది ఇలాంటి స్టేషనే. యాస దిద్దమని అక్కడ ఎవరూ అనరు. శ్రీకాకుళం యాసంటే సినిమాల్లో నవ్వుకోడానికి వాడే మాట అని నేర్చుకున్న పిల్లలకి, అదే యాసలో ఒకరు సంగీతం గురించి గౌరవంగా మాట్లాడటం వినపడాలి. నాకు ఇది పాట కంటే తక్కువ విషయం కాదు.

అయితే దూరం దీనికి పెద్ద అడ్డు. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా 30 మీటర్ల ఎత్తు దాటకూడదు. అంటే సుమారు పది కిలోమీటర్ల చుట్టుపక్కలే వినపడుతుంది. విజయనగరం నడిబొడ్డున ఒకటి ఉందనుకుంటే నెల్లిమర్ల దాకా రావచ్చేమో గానీ చీపురుపల్లికి రాదు, బొబ్బిలికి అసలు రాదు. శ్రీకాకుళంలో పెడితే ఆమదాలవలసకి అందడమే గొప్ప, పలాస, ఇచ్ఛాపురం మాట మర్చిపోవాలి. ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎం తీసేశారు కూడా. ఉన్నవాటిలోనూ ఇయర్‌ఫోన్ వైరు గుచ్చితేనే పనిచేస్తుంది, ఎందుకంటే ఆ వైరే యాంటెన్నా. అన్ని ఫోన్లలో ఎఫ్ఎం ఉంచమని 2023లో కేంద్ర ప్రభుత్వమే తయారీదారులకి చెప్పాల్సి వచ్చింది.

ఇంకో లోపం కూడా దాచకూడదు. స్టేషన్ నడవాలంటే డబ్బు కావాలి. ప్రకటనలకి గంటకి ఏడు నిమిషాలే ఉండేది, 2024లో పన్నెండు చేశారు. అయినా చాలాచోట్ల ఆరోగ్యం, వ్యవసాయం మీద ఎవరో డబ్బిచ్చి చేయించే కార్యక్రమాలే బండి లాగుతాయి. అవసరమైనవే, కాదనను. కానీ సాయంత్రం సమయం వాటికి పోయి, మిగిలిన సందుల్లో హిట్ సినిమా పాటలు వేసి సరిపెడితే కొత్త సింగర్‌కి చోటెక్కడ? అలాంటి స్టేషన్ కంటే ఫోనే నయం.

విశాఖ ఆకాశవాణి గురించి తొందరగా చెప్తాను. 1963 నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కళాకారులకి అదే పెద్ద గుమ్మం. ఆడిషన్ పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులిస్తారు. అందుకే అక్కడ వినేదాంట్లో శ్రుతి తప్పదు, జానపదానికీ లలిత సంగీతానికీ మర్యాద ఉంటుంది. ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఎక్కడినుంచైనా వినొచ్చు. శాస్త్రీయం, లలితం, జానపదం కోరుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది దీని పేరే. కానీ గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ మీద పాట కట్టినవాళ్ళు ఈ గ్రేడుల చట్రంలో ఎక్కడా ఇమడరు.

ఇక నాలుగో దారి. ఊళ్ళో సిగ్నల్ అందని వాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. అమెరికాలో సియాటిల్ నుంచి కేఈఎక్స్‌పీ, న్యూజెర్సీ నుంచి డబ్ల్యూఎఫ్ఎంయూ, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి ట్రిపుల్ ఆర్. ఇవన్నీ ఎక్కువగా శ్రోతలు ఇచ్చే డబ్బుతో బతికే స్టేషన్లు. నెట్‌లో ఉచితంగా వినొచ్చు. ఏ పాట వేశారో వెబ్‌సైట్‌లో రాసి పెడతారు కాబట్టి పేరు వినపడలేదన్న బాధ లేదు. సియాటిల్‌లో పొద్దున్న ఏడైతే మనకి రాత్రి ఏడున్నర, వాళ్ళ చలికాలంలో ఎనిమిదిన్నర. భోజనాల వేళకి వాళ్ళ పొద్దుటి కార్యక్రమం నడుస్తుంటుంది. కేఈఎక్స్‌పీ స్టూడియోలో చిన్న బ్యాండ్లు వాయించిన వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, వాటి వల్లే చాలా బృందాల పేర్లు ప్రపంచానికి తెలిశాయి. రేడియో కనిపెట్టింది, ఫోన్ మోసింది.

మరి మన భాష, మన ఊరు దాంట్లో ఉండవు కదా అంటారు. నిజమే. ఊరి పాటకి అది బదులు కాదు. కానీ రేడియో మీద కొత్త సంగీతాన్ని ఎలా పరిచయం చెయ్యాలో అది నేర్పుతుంది. మన దగ్గర కార్యక్రమం చేద్దామనుకునే కుర్రాళ్ళు కొన్నాళ్ళు వింటే చాలు, పాటకీ పాటకీ మధ్య ఏం మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది.

పాడేవాళ్ళ వైపు నుంచి చూస్తే కవర్ పాటకి ఏది మేలు? ఇక్కడ చట్టం కాస్త తెలియాలి. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, పాట మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు దాటితేనే, యజమానికి ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ ముందే కట్టి కవర్ రికార్డు తీసుకురావచ్చు. ఏడాదికి కనీసం 50,000 కాపీలకి లెక్కకట్టి కట్టాలి. మామూలు సింగర్‌కి అయ్యే పని కాదది. అందుకని అందరూ నేరుగా యూట్యూబ్‌లో పెట్టేస్తారు. అక్కడ కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ట్యూన్‌ని పసిగడుతుంది. ప్రకటనల డబ్బు పాట యజమానికి పోవచ్చు, లేదా వీడియోనే ఆగిపోవచ్చు. రేడియోలో స్టూడియోకి వచ్చి పాడితే ప్రసారం రాయల్టీ చూసుకోవాల్సింది స్టేషన్, పాడినవాళ్ళు కాదు. డబ్బు రాదు, మళ్ళీ వినే వీలూ ఉండకపోవచ్చు. మొదటిసారి పదిమంది ముందుకొచ్చే పిల్లలకి మాత్రం రేడియోయే తేలిక.

ఒకరి పాట ఇంకొకరు పాడటం మనకి కొత్తేమీ కాదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పటినుంచి అందరూ నేర్చుకున్నది అవే కృతులు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పుతూ ఉన్న చోటు అది. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నారు. ఒకే కృతి ఎవరి చేతిలో ఎలా మారిందో చెప్పుకోవడం ఆ ఊరి కబుర్లలో భాగం. అలాంటి ఊళ్ళో కొత్తవాళ్ళ కవర్‌ని ఫోన్ లెక్కలకి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. విద్యాసంస్థలు రేడియో పెట్టుకోవచ్చని నియమాలు చెప్తూనే ఉన్నాయి. సంగీతం నేర్పే చోటే స్టేషన్ ఉంటే వారానికో గంట కొత్త గొంతులకి ఇవ్వడం కష్టం కాదు.

ఇప్పటికిప్పుడు ఏం చేయాలంటే, ముందు మీ ఊళ్ళో ఎఫ్ఎం ఆన్ చేసి 90.4, 90.8, 91.2 దగ్గర తిప్పి చూడండి. కమ్యూనిటీ స్టేషన్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. దొరికితే, సినిమా పాటలు వేస్తున్నారని వదిలేయకుండా ఫోన్ చేసి స్థానికుల పాటలు అడగండి. అడిగేవాళ్ళుంటేనే వేస్తారు. దొరక్కపోతే పొద్దున్న ఆకాశవాణి, రాత్రి సియాటిల్. నచ్చిన పేరు రాసుకుని అప్పుడు యూట్యూబ్‌కి వెళ్ళి నేరుగా ఆ పేరే వెతకండి, సబ్‌స్క్రైబ్ అవ్వండి.

మీరే పాడేవాళ్ళయితే, స్టేషన్‌కి రికార్డింగ్ పంపేటప్పుడు ఫైలు పేరులోనే మీ పేరు, ఊరు రాయండి. కవర్ అయితే అసలు పాట ఎవరిదో, ఎవరు రాశారో, మీరు ఏం మార్చారో రెండు వాక్యాల్లో జతచేయండి. జానపదమైతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్ళో పాడతారో తప్పకుండా చెప్పండి. మైకు ముందున్న మనిషి చదివేది అదే.