అల్జీమర్స్‌కి ‘90 రోజుల కోర్సు’ అమ్ముతున్నారు, కొనేముందు ఇది చదవండి

ఫేస్‌బుక్‌లోనూ యూట్యూబ్ వీడియోల మధ్యలోనూ ఈమధ్య ఒక ప్రకటన తెగ తిరుగుతోంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, పక్కన ఒక పెద్దావిడ. మొదట్లో కన్నకొడుకునే గుర్తుపట్టని ఆవిడ, వీడియో చివరికొచ్చేసరికి మనవడికి ఎక్కాలు అప్పజెప్పేస్తుంటుంది. కింద ‘అల్జీమర్స్, మతిమరుపు, చేతుల వణుకు 90 రోజుల్లో మాయం, తగ్గకపోతే డబ్బు వాపస్’ అని పెద్ద అక్షరాలు. మీ ఇంట్లో ఈ జబ్బున్న పెద్దవాళ్లుంటే ఆ నంబర్‌కి ఫోన్ చేయకండి. మా ఇంట్లో 23,500 రూపాయలు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం అమ్మకి జరిగింది, అది కూడా చెప్తాను.

అమ్మకి డెబ్బై దాటాయి. విజయవాడలో న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ తీయించి, బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించి, ఆ తర్వాతే అల్జీమర్స్ అన్నారు. ఈ రక్తపరీక్షలు ఎందుకంటే, బీ12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, డిప్రెషన్ ఉన్నా, కిందపడి తల లోపల రక్తం చేరినా మతిమరుపు వస్తుంది. వాటిలో చాలావరకు వైద్యంతో బాగవుతాయి. అవేవీ కాదని తేలాక డోనెపెజిల్ అనే మాత్ర మొదలుపెట్టారు, ముందు 5 మిల్లీగ్రాములు, కొన్నాళ్లకి 10. "ఇది జబ్బును నయం చేయదండీ, కొందరికి కొంతకాలం కాస్త నిలకడగా ఉండేలా చూస్తుంది, అంతే" అని డాక్టర్ గారు మొహమాటం లేకుండా చెప్పారు.

నాన్నకి ఆ ‘అంతే’ మింగుడుపడలేదు. రోజంతా అమ్మతో ఉండేది ఆయనే. స్నానం చేయించడం, చీర కట్టించడం, అడిగిందే యాభైసార్లు అడిగితే యాభైసార్లూ జవాబివ్వడం ఆయన పని. మేము ఉద్యోగాలకి వెళ్లిపోయాక మధ్యాహ్నం పూట ఆ ప్రకటన చూసి ఫోన్ చేశారు.

అవతలివాడు తనను తాను ‘సీనియర్ వైద్యులు’ అన్నాడు. అడిగిన ప్రశ్నలు ఇవి: "అమ్మగారు తిన్నాక కూడా తినలేదంటున్నారా సార్? వస్తువులు ఎక్కడో దాచి ఎవరో దొంగిలించారంటున్నారా? సాయంత్రమైతే కంగారు పడుతున్నారా? పాత సంగతులు చెప్తారు కానీ పొద్దున్న జరిగింది గుర్తుండదు, అంతేనా?" అన్నిటికీ అవుననే జవాబు. "మనింట్లో కెమెరా పెట్టి చూసినట్టే చెప్తున్నాడ్రా" అన్నారు నాన్న నాతో. ఇందులో మాయ ఏమీ లేదు. ఈ జబ్బు సాధారణంగా ముందు దెబ్బతీసేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే అది పనిచేయాలి. అందుకే పెళ్లినాటి సంగతులు ఉంటాయి, గంట క్రితం తిన్న ఇడ్లీ ఉండదు. గాజులు తనే బియ్యం డబ్బాలో పెట్టి, పెట్టినట్టు గుర్తులేక, పనమ్మాయి మీదో కోడలి మీదో అనుమానపడతారు. ఆ ప్రశ్నలు అల్జీమర్స్ ఉన్న ఏ ఇంటికి ఫోన్ చేసి అడిగినా దాదాపు అవే జవాబులొస్తాయి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి వాడే పేరు) ఉందని 2023లో ఒక అంచనా వచ్చింది. ఇలాంటి మోసగాళ్లకి అదంతా మార్కెట్టే.

తర్వాత బెదిరింపు మొదలైంది. "రెండో స్టేజ్ నుంచి మూడో స్టేజ్‌కి వెళ్తున్నారు సార్, ఈ వారం మొదలుపెట్టకపోతే ఇక మా చేతుల్లో ఉండదు." పూర్తి కోర్సు 38,500 అట. ముందు 8,500, సరుకు వచ్చాక 15,000, మిగతాది రెండో నెలలో. యూపీఐలో డబ్బు వెళ్లింది కంపెనీ ఖాతాకి కాదు, ఎవరో ఒక వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకి. బిల్లు అడిగితే వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. అందులో జీఎస్‌టీ నంబర్ లేదు.

కొరియర్‌లో వచ్చిన డబ్బాలో ఒక చూర్ణం, రెండు సీసాల క్యాప్సూల్స్, ముక్కులో వేసే నూనె ఉన్నాయి. నేను ఇంటికెళ్లినప్పుడు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఆ లేబుల్ చదివాను. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారుచేసినవాళ్ల పూర్తి చిరునామా ఉండాలి. దీని మీద ఉన్నది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే బిస్కెట్లకీ పచ్చళ్లకీ ఇచ్చే ఆహార లైసెన్స్. సీసా వెనకాల, గడువు తేదీ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని వాళ్లే అచ్చువేసుకున్నారు. ఫోన్‌లో రోగం నయం చేస్తామంటారు, సీసా మీద ఇది మందే కాదంటారు. రేపు కేసైతే వాళ్లు చూపించేది ఆ చిన్న అక్షరాలనే.

ఆయుర్వేదం మీద నాకు కోపమేమీ లేదు, మా ఇంట్లో ఇప్పటికీ దగ్గుకి కషాయమే కాస్తాం. రిజిస్ట్రేషన్ ఉన్న వైద్యుడి దగ్గరికి రోగిని తీసుకెళ్లి నాడి చూపించి మందు తెచ్చుకోవడం వేరు, రోగి ముఖం కూడా చూడకుండా ఫోన్‌లో స్టేజ్ తేల్చేసేవాడి దగ్గర కొనడం వేరు.

అసలు నష్టం దీని తర్వాత జరిగింది. "ఇంగ్లీషు మందులు కిడ్నీలు పాడుచేస్తాయి, మా మందు ఎక్కాలంటే అవి ఆపేయాలి" అని చెప్పి డోనెపెజిల్ ఆపించారు. మాకెవరికీ చెప్పొద్దని కూడా నాన్నతో అన్నారట. "పిల్లలు అడ్డం చెప్తారు సార్, ఫలితం చూపించాక చెబుదురుగాని." కొన్ని వారాలకే అమ్మ పగలంతా మగతగా పడి ఉండటం మొదలైంది. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి మాత్రం లేచేది. బీరువాలోంచి చీరలు తీసి తువ్వాలులో మూట కట్టుకుని, "చీకటి పడకముందే వెళ్లాలండీ, మా నాన్న గేటు దగ్గర నిలబడి ఉంటాడు" అని మా నాన్ననే బతిమాలేది. తాతయ్య పోయి ముప్పై ఏళ్లు దాటింది. సాయంత్రపు కంగారు ఈ జబ్బులో ఉండేదే, కానీ అంతకుముందు మాటల్లో పెట్టి టీ ఇస్తే సర్దుకునేది. ఇప్పుడు గుమ్మం దాటి వీధిలోకి వెళ్లిపోయేది.

నాన్న ఫోన్ చేసి చెబితే వచ్చిన సమాధానం: "మంచిదే సార్, జబ్బు బయటికి పోతోంది, అందుకే పైకి ఎక్కువగా కనిపిస్తోంది." తగ్గితే మందు గొప్ప, పెరిగితే కూడా మందు గొప్పే. ఇక ఏం జరిగితే అది పనిచేయలేదని ఒప్పుకుంటారో వాళ్లకే తెలియాలి.

ఇంకో సంగతి గమనించండి. అల్జీమర్స్ ఉన్నవాళ్లు అన్ని రోజులూ ఒకేలా ఉండరు. ఒకరోజు మనల్ని పేరు పెట్టి పిలుస్తారు, కూర రుచి గురించి మాట్లాడతారు, మర్నాడు మళ్లీ మామూలే. నిద్ర బాగా పట్టినా, మలబద్ధకం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ పోయినా తేడా తెలుస్తుంది. వాళ్ల మందు మొదలుపెట్టిన కొత్తల్లో అలాంటి ఒక మంచిరోజు వచ్చింది. అమ్మ ‘ముద్దుగారే యశోద’ చరణాలతో సహా పాడింది. నాన్న సంతోషం పట్టలేక వాళ్లకి చెబితే, వెంటనే వీడియో తీసి పంపమన్నారు. పంపితే 2,000 తగ్గింపు అన్నారు. మీరు ప్రకటనల్లో చూసే ‘తగ్గిపోయింది’ వీడియోలు కొన్నైనా ఇలా ఏరుకున్న మంచిరోజులే అయ్యుంటాయి. మర్నాటి వీడియో ఎవరూ అడగరు.

జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టర్ 1906లో ఈ జబ్బును మొదటిసారి వివరించారు. మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలుగా పేరుకోవడం, కణాల లోపల టౌ అనే ప్రోటీన్ పీచుల్లా చిక్కుపడటం, చివరికి కణాలు చచ్చిపోవడం, ఇదీ జరిగేది. చచ్చిన కణాన్ని తిరిగి లేపే మందు ఇవాళ్టికీ లేదు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకనెమాబ్ ఇంజెక్షన్‌కి అక్కడ పెట్టిన ధర ఏడాదికి 26,500 డాలర్లు. అది కూడా జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకే. పరీక్షల్లో అది 18 నెలల్లో క్షీణతను సుమారు 27 శాతం నెమ్మదింపజేసింది, ఆపలేదు. పైగా కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయి కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐ తీస్తూనే ఉండాలి. ప్రపంచమంతా కలిసి ఇంతవరకు రాగలిగితే, 90 రోజుల చూర్ణం సంగతి మీరే ఆలోచించండి.

డాక్టర్ గారి దగ్గరికి ఆ సీసాలు పట్టుకెళ్తే, "ఇందులో ఏముందో తెలియకుండా మగతకి ఇదే కారణమని నేను రాసివ్వలేను, కానీ ఇక ఒక్క చెంచా కూడా వేయొద్దు" అన్నారు. డోనెపెజిల్ ఆపి చాలా రోజులైంది కాబట్టి నేరుగా 10 ఇవ్వకుండా మళ్లీ 5తో మొదలుపెట్టారు. మగత పోయింది. గుమ్మం దాటడం తగ్గింది. కానీ అంతకుముందు తనే అన్నం కలుపుకుని తినే అమ్మకి ఇప్పుడు కలిపిపెట్టాల్సి వస్తోంది. జబ్బు ఎలాగూ ముదిరేది కాబట్టి ఎంత దాని వల్ల, ఎంత వీళ్ల వల్ల అని తేల్చే మార్గం లేదు. వాళ్ల ధైర్యం కూడా అదే.

డబ్బు వాపస్ అడిగితే ‘కోర్సు పూర్తి చేయనివాళ్లకి గ్యారంటీ వర్తించదు’ అన్నారు, తర్వాత నంబర్ బ్లాక్ చేశారు. కొన్నాళ్లకి వేరే నంబర్ నుంచి ‘కస్టమర్ కేర్’ అని ఫోన్ వచ్చింది. మీ రీఫండ్ పాసైంది, ముందు 1,999 ప్రాసెసింగ్ ఫీజు కట్టి, ఈ యాప్ వేసుకుని స్క్రీన్ చూపించండి అన్నారు. ఇది రెండో వల. స్క్రీన్ చూపించారంటే ఖాతా ఖాళీ. దీనికి మాత్రం నాన్న పడలేదు, నాలుగు తిట్టి పెట్టేశారు.

ఈ ప్రకటనలు చట్టవిరుద్ధం కూడా. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, ఏ జబ్బులు నయం చేస్తామని మందులకి ప్రకటన ఇవ్వకూడదో ఆ జాబితాలో మెదడు జబ్బులు ఉన్నాయి. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె ప్రకారం జ్ఞాపకశక్తి పెంచుతామని కూడా ఏ మందూ చెప్పుకోకూడదు. కాబట్టి ‘గవర్నమెంట్ అప్రూవ్డ్’ అని చెప్పినా నమ్మకండి. డబ్బు పోయిన వెంటనే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. మేము వేసే పనిలో ఉన్నాం.

ఇంట్లో చూసుకునేవాళ్లకి ఒక మాట. ఇలా మోసపోయిన పెద్దాయన్ని నలుగురిలో తిట్టొద్దు. మా అన్నయ్యకి కూడా అదే చెప్పాను. ఆయన్ని మధ్యాహ్నాలు ఒంటరిగా వదలకుండా ఉండే ఏర్పాటు చూడండి. మేము ఇప్పుడు మధ్యాహ్నం పూట నాలుగు గంటలపాటు ఉండేలా ఒక ఆయాని పెట్టుకున్నాం, బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్లు బిగించాం, అమ్మ చేతికి ఫోన్ నంబర్ ఉన్న కంకణం వేశాం. ఆ 23,500 వీటికి సరిపోయేవి. మాట్లాడటానికి మనిషి కావాలంటే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, మానసిక ఒత్తిడికి టెలి మానస్ 14416, రెండూ ఉచితమే. డిమెన్షియా కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ 1992 నుంచి పనిచేస్తోంది, హైదరాబాద్‌లో కూడా వాళ్ల శాఖ ఉంది.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే సీసాలు పారేయకండి. లేబుల్ ఫోటోలు, యూపీఐ రసీదులు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, కొరియర్ కవర్ మీద పంపినవాడి చిరునామా, అన్నీ దాచండి. మాకు ఆ కవర్ మీద ఒక ఊరు, ఫోన్‌లో చెప్పింది ఇంకో ఊరు. మీ కవర్ మీద ఏముందో చూసి కింద రాయండి, ఫిర్యాదులో కలిపి పెడదాం.