పాత మారుతి 800లో వదులైన గేర్ లీవర్: ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డు పనితనం

విజయవాడ ఆటోనగర్‌లో బోర్డు కూడా లేని ఒక చిన్న కార్ల షెడ్డులో చేయించిన మరమ్మతు గురించి ఈ సమీక్ష. కారు 2006 నాటి నాలుగు గేర్ల మారుతి 800. గేర్ లీవర్ బాగా వదులై, న్యూట్రల్‌లో చేతికి అందినట్టే ఉండి అటూ ఇటూ తేలిపోతూ, ఒకటో గేరు వేయబోతే మూడో గేరులో పడే స్థితికి వచ్చింది. అంతకు ముందు చూపించిన మరో చోట లీవర్‌ను పట్టుకొని కాసేపు కదిపి, గేర్‌బాక్సు దింపి విప్పాల్సిందేనని తేల్చేశారు. ఈ వయసు కారుకు గేర్‌బాక్సు విప్పించడమంటే బండి ధరలో చెప్పుకోదగ్గ భాగాన్ని దాని మీదే పోయడం కాబట్టి, మరొకరికి చూపిద్దామని ఇక్కడికి తీసుకువెళ్లాను.

స్పానరు ముట్టుకోక ముందే మేస్త్రీ గారు వేసిన ప్రశ్నలు నాకు అన్నిటికన్నా నచ్చాయి. ఇంజను ఆపి ఉంచినప్పుడు కూడా గేరును వెతుక్కోవలసి వస్తోందా, లేక ఇంజను నడుస్తున్నప్పుడే ఇబ్బందా అని మొదట అడిగారు. ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ తేలిగ్గా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం గరగరమంటూ మొరాయిస్తే తప్పు క్లచ్ వైపు ఉంటుంది; ఈ కారులో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది కాబట్టి, కేబుల్ సాగినా, పెడల్ సర్దుబాటు తప్పినా క్లచ్ పూర్తిగా విడవదు. రెండు సందర్భాల్లోనూ లీవర్ ఒకేలా తేలుతూ ఉంటే లీవర్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉన్న రాడ్లను చూడాలి. వేసిన గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వస్తోందా, రెండో గేరుకు దించేటప్పుడు గీరుకున్న శబ్దం వినిపిస్తోందా అని కూడా అడిగారు. మొదటిది గేర్‌బాక్సు లోపల గేర్లను జరిపే ఫోర్కులు గానీ, వాటిని నిలిపి ఉంచే స్ప్రింగులు గానీ అరిగాయనడానికి, రెండోది గేరు మారేటప్పుడు వేగాలను కలిపే సింక్రోనైజర్ రింగులు పోయాయనడానికి సూచన కావచ్చు. మా కారుకు ఈ రెండూ లేవు. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడు లీవర్ కూడా ముందుకూ వెనక్కూ ఊగుతోందేమోనని స్వయంగా నడిపి చూశారు. అలా ఊగితే ముందు ఇంజను మౌంటింగు రబ్బర్లను అనుమానించాలట.

ఆ తర్వాతే కారును పిట్ (కింద నిలబడి పని చేసే గొయ్యి) మీదికి ఎక్కించారు. ఈ కారులో ఇంజనూ గేర్‌బాక్సూ ముందు భాగంలో అడ్డంగా ఉంటాయి, లీవర్ మాత్రం రెండు సీట్ల మధ్య నేల మీద ఉంటుంది. ఒక రాడ్డు చేతి కదలికను గేర్‌బాక్సుకు చేరవేస్తే, మరొకటి లీవర్ కుదురును గేర్‌బాక్సుకు కట్టి ఉంచుతుంది. వీటి కీళ్లలో ఉండే బుష్‌లు (రాపిడి తగలకుండా మధ్యలో కూర్చునే చిన్న గొట్టపు ముక్కలు) పొగగొట్టం వేడికీ, వర్షాకాలపు బురద నీటికీ ఏళ్ల తరబడి నాని, ఎండి, చివరకు పొడిపొడి అవుతాయి. చక్రాలకు అడ్డం పెట్టి, ఒక కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టి లీవర్‌ను నెమ్మదిగా కదపమని చెప్పి, మేస్త్రీ గారు కింద నుంచి ఒక్కొక్క కీలును వేళ్లతో పట్టుకొని చూస్తూ వెళ్లారు. కదలిక ఎక్కడి దాకా వచ్చి ఆగిపోతోందో అరుగుదల అక్కడే ఉంటుంది. నన్ను కూడా కిందికి పిలిచి చూపించారు: లీవర్‌తో పాటు రాడ్డు వెంటనే తిరుగుతోంది గానీ, గేర్‌బాక్సు దగ్గరి కీలులో బుష్ రంధ్రం కోలగా అరిగిపోవడంతో, ఆ తిరుగుడులో చాలా భాగం అక్కడే పోయి షాఫ్టు ఆలస్యంగా కదులుతోంది. లీవర్ అడుగున గుండు కూర్చునే ప్లాస్టిక్ సీటు కూడా పగిలి ఉంది. చివరగా రాడ్డును విడదీసి, గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చిన షాఫ్టును చేత్తోనే కదిపి చూశారు. ప్రతి గేరూ ఎక్కడా తడబడకుండా టక్కున పడింది. గేర్‌బాక్సు దింపమన్న సలహాకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు ఉండదు.

విడిభాగాల విషయంలోనూ వీరి పట్టింపు మెచ్చుకోదగినది. 800కూ ఆమ్నికీ ఇంజను 796 సీసీదే అయినా, ఆమ్ని వెనుక చక్రాలతో నడిచే బండి కావడం వల్ల గేర్ రాడ్ల అమరిక పూర్తిగా వేరు. అందుకే పాత బుష్‌ను చేతికిచ్చి, దుకాణంలో దాని పక్కన పెట్టి సరిచూశాకే కొత్తది తెమ్మన్నారు. కీలులో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించే పద్ధతి చాలా చోట్ల ఉంది గానీ, ఇక్కడ ఆ పని చేయరు. బుష్‌లూ సీటూ మార్చి, గ్రీజు పెట్టి బిగించాక గేర్లు వాటి వాటి స్థానాల్లో వెతుక్కోకుండా పడుతున్నాయి. లీవర్‌లో కొద్దిపాటి వదులు మిగిలే ఉంది. ఈ తరహా రాడ్లకు అది సహజమేనని, దాన్ని పూర్తిగా బిగిస్తే గేరు పట్టేస్తుందని ముందే చెప్పారు. సామాను ఖర్చు కన్నా కూలే ఎక్కువైంది.

చూసినందుకు ఇక్కడ విడిగా డబ్బు తీసుకుంటారు, పని అక్కడ చేయించకపోయినా ఇవ్వాల్సిందే. ఇది కొందరికి నచ్చకపోవచ్చు గానీ నాకు సబబుగానే తోచింది, ఎందుకంటే చూసినందుకే కూలి ముట్టేవారికి లేని పనిని పుట్టించవలసిన అవసరం ఉండదు. లోపాలూ ఉన్నాయి. రాతపూర్వకమైన బిల్లు ఇవ్వరు, మొత్తం ఎంతవుతుందో ముందుగా చెప్పరు, లీవర్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉన్నా అడిగితే తప్ప మార్చలేదు, సీటు మీద గ్రీజు మరకలు మిగిల్చారు. పిట్ ఒక్కటే కావడంతో పొద్దున్నే వెళ్లకపోతే మధ్యాహ్నం దాకా కూర్చోవలసి వస్తుంది. రాడ్లకు బదులు కేబుళ్లతో గేర్లు మారే కార్లను కూడా చూస్తారు గానీ కేబుళ్లు నిల్వ ఉంచరు కాబట్టి, అలాంటి కారు ఉన్నవారు మోడల్ చెప్పి ముందు రోజే మాట్లాడుకొని వెళ్లడం మంచిది.