తంబురను మింగేసే యాప్‌లు, ఆదుకున్న వైరు ఇయర్‌ఫోన్లు: పిల్లల వాద్యబృందంతో ఆన్‌లైన్ సాధన

ముందే తేల్చి చెప్పేస్తాను. ఎవరింట్లో వాళ్లు కూర్చుని అందరూ ఒకేసారి కలిసి వాయించడం వీడియో కాల్‌లో కుదరదు. ఎంత డబ్బు కట్టినా కుదరదు. 2020 మార్చి లాక్‌డౌన్ నుంచి రెండేళ్లపాటు సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మా పిల్లల వాద్యబృందాన్ని అలా నడిపాక అంటున్న మాట ఇది. వయొలిన్లు, వేణువులు, వీణలు, ఒక కీబోర్డు, మృదంగం, ఘటం. ఐదో తరగతి పిల్లల నుంచి ఇంటర్ వాళ్ల దాకా ఉండేవారు. ఇప్పుడు అమెరికాలో ఉన్న మనవలనీ ఇక్కడి పిల్లలనీ కలిపి బృందం కడదామని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే అప్పుడు ఏవేవి వాడామో, వాటిలో ఏవి నిలిచాయో రాస్తున్నాను.

ఎందుకు కుదరదో లెక్క చూడండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. రవీంద్రభారతి లాంటి వేదిక మీద పది మీటర్ల ఎడంలో కూర్చున్న ఇద్దరికి ఒకరి వాద్యం ఒకరికి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. అంతవరకు చెవి సర్దుకుంటుంది. అది దాటితే ఒకరి కోసం ఒకరు ఆగుతూ కాలం జారిపోతుంది. వీడియో కాల్‌లో ఆలస్యం మామూలుగానే 150 మిల్లీసెకన్లు దాటుతుంది. నిమిషానికి 80 అక్షరాల (తాళం లెక్కల) నడకలో, అక్షరానికి నాలుగు స్వరాలు వేస్తే ఒక్కో స్వరానికి దక్కేది 190 మిల్లీసెకన్ల లోపే. అంటే పక్కవాడు దాదాపు ఒక స్వరం వెనక ఉంటాడు. మా మృదంగం అబ్బాయి మొదటి వారంలోనే అడిగాడు: "సార్, నేను మీ తాళం చూసి వెయ్యాలా, వయొలిన్ విని వెయ్యాలా? రెండూ కలవట్లేదు." వాడికి నా దగ్గర జవాబు లేదు.

రెండో తంటా తంబురది. వీడియో కాల్ యాప్‌లన్నీ మాటల కోసం చేసినవి. ఫ్యాను హోరు లాంటి నిలకడ శబ్దం వస్తే అది రొద అనుకుని తీసేస్తాయి. మరి తంబుర అంటేనే నిలకడ శబ్దం! శ్రుతి పెట్టిన రెండు సెకన్లకు అవతల నిశ్శబ్దం. వేణువు మీద కార్వై పట్టినా, అంటే ఒకే స్వరాన్ని సాగదీసి నిలిపినా, అంతే, స్వరం మధ్యలో మాయం. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" అని ఒక మీట ఉంది, దాన్ని వేస్తే ఈ వడపోత చాలావరకు ఆగుతుంది. 2020లోనే సంగీతం కోసం ఇంకాస్త నాణ్యమైన అమరిక కూడా తెచ్చారు. ప్రతి పిల్లవాడి ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఆ మీట వెతికించడం ఒక పెద్ద పని, కానీ చేసి తీరాలి. ఉచిత ఖాతాలో గ్రూపు కాల్‌కి 40 నిమిషాల గడువు. పిల్లలకు అదే మేలు. అంతకు మించి తెర ముందు నేనే కూర్చోలేకపోయాను.

అయితే వీడియో కాల్‌ని వదల్లేదు, పని మార్చాం. వాద్యం వారీగా నలుగురైదుగురు చొప్పున చిన్న జట్లు. ఒకరు వాయిస్తారు, మిగతావాళ్లు మైకులు ఆపేసుకుని వింటూ తమ ఇళ్లలో కలిసి వాయిస్తారు. వేళ్లు, కమాను పట్టు, కూర్చునే తీరు దిద్దడానికి ఇది బాగానే ఉంది. వాద్యాల వైద్యం కూడా అక్కడే జరిగింది. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి కదా, ఏప్రిల్ ఎండకి ఒక పాప వీణలో మైనం మెత్తబడి సారణి అనే ముఖ్య తంత్రి మీద శుద్ధ మధ్యమం (మ స్వరం) పలికే మెట్టు కదిలింది. మేళం కట్టే ఆయన, అంటే మెట్లు అమర్చే ఆయన, ఇంటికి రాలేని రోజులు. ఆయన వచ్చేదాకా ఆ పాప జట్టుకి మధ్యమమే లేని మోహన, హంసధ్వని రాగాల్లోనే పాఠాలు పెట్టాను. మృదంగం తొప్పికి (ఎడమ వైపు మూతకి) రవ్వ ముద్ద ఎంత పట్టించాలో కెమెరా ముందు పెట్టుకుని చూపించాం. అదంతా విని మృదంగం అబ్బాయి వాళ్ల నాన్నమ్మ ఉప్మా రవ్వ డబ్బా దాచేసిందట.

జామ్యులస్ అనే సాఫ్ట్‌వేర్ గురించి చాలామంది అడుగుతారు. ఉచితం, ఓపెన్ సోర్స్. దూరంగా ఉన్నవాళ్లు కలిసి వాయించడానికే చేసింది. అందరి శబ్దం ఒక సర్వర్‌కి వెళ్లి కలిసి తిరిగి వస్తుంది, ఎవరి శబ్దం ఎంత వినాలో ఎవరికి వాళ్లు తగ్గించి పెంచుకోవచ్చు. ఇది పని చేస్తుంది. మల్కాజిగిరిలో ఒకరు, పద్మారావునగర్‌లో ఒకరు కూర్చుని వర్ణం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించగలిగారు. కానీ దానికి కంప్యూటర్ ఉండాలి, నెట్ వైఫై మీద కాకుండా కేబుల్‌తో రావాలి, ఇయర్‌ఫోన్‌కి వైరు ఉండాలి, వీలైతే మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె విడిగా ఒకటి ఉండాలి. బ్లూటూత్ పెట్టారా, ఆలస్యం మళ్లీ మొదటికే. మా పిల్లల్లో ఇవన్నీ ఉన్న ఇళ్లు మూడో నాలుగో. మిగతా ఇళ్లలో ఒక్కటే ఫోను, దాని మీద అన్నయ్య ఆన్‌లైన్ క్లాసు. ఇంటర్ దాటిన గట్టి పిల్లలకు జామ్యులస్ చెబుతాను. బృందం మొత్తాన్ని దాని మీద నిలబెట్టాలనుకుంటే సగం మంది బయటే ఉండిపోతారు.

మమ్మల్ని నిలబెట్టింది ఇంకా పాత పద్ధతి. ముందు మృదంగం అబ్బాయి మెట్రోనోమ్ (సమానంగా టిక్కుమనే లయ యంత్రం) వింటూ, ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, చేత్తో వేసి, కృతి మొత్తానికీ నడక రికార్డు చేస్తాడు. దాని మీద పెద్ద పిల్లల్లో ఒకరు వయొలిన్ వాయిస్తారు. ఆ రెండూ, కింద శ్రుతీ కలిపిన ఫైలు అందరికీ వెళుతుంది. ప్రతి ఒక్కరూ దాన్ని వైరు ఇయర్‌ఫోన్‌లో వింటూ తమ భాగం వాయించి, మొదట్లో తాళంతో పాటు ఒక్క చప్పట్లు కొట్టి, రెండో ఫోనులో రికార్డు చేసి పంపుతారు. రెండో ఫోను పక్కింటిదైనా ఫరవాలేదు. నేను ఆడాసిటీ అనే శబ్దాలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఆ చప్పట్లన్నీ ఒక గీత మీదికి తెచ్చి కలిపేవాణ్ణి. ఆడాసిటీ కూడా ఉచితమే. వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపితే శబ్దం నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించండి. ఫోను మైకుకి ఘటం దెబ్బ దగ్గరగా పడితే పగిలినట్టు వస్తుంది, గదిలో అవతలి మూల పెట్టాలి.

ఆదివారం పొద్దున కలిపిన ఫైలు గ్రూపులో పెట్టగానే వచ్చే హడావిడి చూడాలి. "మూడో ఆవర్తనంలో తొందరపడింది నేనే కదా సార్" అని పిల్లలే ఒప్పుకునేవారు. నేను చెబితే వినని తప్పు, నలుగురి మధ్య తమ చెవికే వినబడితే మరుసటి వారానికి సర్దుకునేది. 2020 వినాయక చవితికి, ఖైరతాబాద్ గణపతే తొమ్మిది అడుగులకు దిగిన ఏడాది, మండపాలు లేవు, కచేరీలు లేవు. ఈ ఫైలే అపార్ట్‌మెంట్లలో స్పీకర్లలో మోగింది.

అందరి ముఖాలూ గళ్లలో కనబడే వీడియోలు మాత్రం నేను చెప్పను. తల్లిదండ్రులకు ముచ్చటే. కానీ కుదిర్చేవాడికి రాత్రులు పోతాయి, పిల్లలకి వాయించడం కన్నా జుట్టు దువ్వుకోవడం ముఖ్యమైపోతుంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఏ పద్ధతీ పనికి రాలేదు. దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మంచం మీద ఉన్నారు. రికార్డింగులు అడగడం ఆపేశాను. సాయంత్రం ఏడింటికి కాల్ తెరిచి శ్రుతి పెట్టేవాణ్ణి, ఉన్నవాళ్లు ఉండేవారు, వాయించేవాళ్లు వాయించేవారు, కొందరు కెమెరా కట్టేసుకుని ఊరికే వినేవారు. హాజరు లేదు, పాఠం లేదు. బృందం వదిలి వెళ్లిన పిల్లలు ఆ రెండు నెలల్లో ఎవరూ లేరు. వెళ్లినవాళ్లు ఆ సెప్టెంబరులో బడులు తెరిచాక ట్యూషన్ల కోసం వెళ్లారు.

ఇప్పుడు వారం వారం అందరం డాబా మీద కలుస్తున్నాం, వేణువుల వాళ్లని గాలివాటున కూర్చోబెట్టి. అయినా నడక ఫైలు మానలేదు. కొత్త కృతి మొదలుపెడితే అది ముందు ఇళ్లకు వెళుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కొనాల్సింది పిల్లకొకటి చొప్పున వైరు ఇయర్‌ఫోన్లు, మామూలు రకం చాలు. జూమ్‌కి డబ్బు కట్టడం తరవాత సంగతి. ఇంకొకటి: ఫైలుకి పిల్లవాడి పేరు, వాద్యం, శ్రుతి పెట్టి పంపమని మొదటి రోజే చెప్పండి. లేదంటే "న్యూ రికార్డింగ్ ఫైనల్ 2" అని పదిహేను ఫైళ్లు వస్తాయి, అందులో ఏది ఎవరిదో వాయించినవాళ్లకే తెలియదు.