మెడ పూస జారినవారికి ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్: ఏ దారి మేలు?

మెడనొప్పికి స్కాన్ తీయించుకుని వచ్చినవారు ఇంట్లో “డిస్క్ జారిందట” అనో, “పూస జారిందట” అనో చెబుతారు. వినడానికి రెండూ ఒకటే అనిపించినా, ఇంజెక్షన్ విషయానికి వచ్చేసరికి వీటి మధ్య తేడా చాలా పెద్దది. రెండు పూసల నడుమ ఉండే మెత్తటి డిస్క్ ఉబికి నరాన్ని నొక్కడం ఒకటి. పై పూసే కింది పూస మీద ముందుకో వెనక్కో జరగడం, అంటే స్పాండిలోలిస్థెసిస్, మరొకటి. మెడలో ఈ జారుడు ఎక్కువగా వయసుతో వచ్చే అరుగుదల వల్ల సి3–సి4, సి4–సి5 పూసల దగ్గర కనిపిస్తుంది (సి అంటే మెడ పూస, టి అంటే దాని కింద వీపు పూస, అంకె పై నుంచి వరుస). అక్కడ వెన్నుపాము సాగే దారి మామూలుగా ముందు నుంచి వెనక్కు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పూస జరిగితే ఆ మేరకు ఇరుకవుతుంది, 10 మిల్లీమీటర్లకు తగ్గితే తీవ్రమైన ఇరుకు కిందే లెక్క.

నరం చుట్టూ వాపు తగ్గించే ఈ స్టెరాయిడ్ మందు పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది మెడ వెనక నుంచి, రెండు పూసల సందులోకి సూది పంపడం. వెన్నుపామును కప్పిన పొరకు వెలుపల ఉండే ఖాళీ, అంటే మందు చేరవలసిన ఎపిడ్యూరల్ ఖాళీ, మెడ కింది భాగంలో, సి7–టి1 దగ్గర, కొద్ది మిల్లీమీటర్లు ఉంటుంది. పైకి పోయేకొద్దీ అదీ బాగా తగ్గిపోతుంది. పైగా సూది దాటవలసిన పసుపు రంగు లిగమెంట్ మెడలో పలచన, చాలామందికి నడిమధ్య చీలికలు కూడా ఉంటాయి. కనుక సిరంజిని నొక్కే బొటనవేలికి “ఇప్పుడు లోపలికి చేరింది” అని తెలియజేసే పట్టు సడలడం ఒక్కొక్కసారి తెలియకుండానే సూది ముందుకు పోగలదు. అందుకే 2015లో అమెరికాలోని పలు వైద్య సంఘాలు కలిసి వెలువరించిన సూచనలు ఈ ఇంజెక్షన్‌ను సి7–టి1 దగ్గరే ఇవ్వడం మేలనీ, సి6–సి7కు పైన ఇవ్వకపోవడమే మంచిదనీ, సూది దించేచోట ఖాళీ ఉందని ముందుగా స్కాన్‌లో చూసుకోకుండా అసలు ఇవ్వరాదనీ చెప్పాయి. జారిన పూస దగ్గరే మందు పడాలని చాలామంది అనుకుంటారు. నిజానికి సి4–సి5 జారినవారికి కూడా సూది కిందే దిగాలి, మందు పైకి పాకుతుంది.

రెండవది పక్క నుంచి, నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గరికి సూది పంపడం. నొప్పి పెట్టే నరానికి ఇది దగ్గరి దారే గాని, వెన్నుపాముకూ మెదడుకూ రక్తం తీసుకుపోయే ధమనులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. మిథైల్‌ప్రెడ్నిసలోన్, ట్రయామ్సినలోన్ వంటి రేణువులున్న స్టెరాయిడ్ పొరపాటున ధమనిలోకి పోతే ఆ రేణువులు సన్నని నాళాలను మూసేస్తాయి. పక్షవాతం, చూపు పోవడం, మరణం వంటివి అరుదుగానైనా సంభవించవచ్చని 2014 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌.డి.ఏ. హెచ్చరించింది. మెడలో పక్కదారిన ఇస్తే రేణువులున్న మందు వాడరాదన్నది 2015 సూచనల్లో ఒకటి. డెక్సామెథసోన్ ఆ రేణువులు లేనిది. ఈ రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే, పూస జారినవారికి సి7–టి1 దారే మేలని నా అభిప్రాయం.

అయితే ఆ ఎంపిక కంటే ముందు తేలవలసినది మరొకటి ఉంది. వెన్నుపాము నలుగుతున్నదా, లేదా? జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోవడం, చేతిలో గ్లాసు జారిపోవడం, మెట్లు దిగేటప్పుడు కాళ్లు బిగుసుకున్నట్టు తూలడం, మూత్రం మీద అదుపు తగ్గడం, ఇవి నరం నొప్పి లక్షణాలు కావు, వెన్నుపాము దెబ్బతింటున్న లక్షణాలు. స్టెరాయిడ్ నరం చుట్టూ వాపును కొంతకాలం తగ్గించగలదే తప్ప, జరిగిన పూసను వెనక్కి నెట్టలేదు. ఇటువంటి స్థితిలో ఇంజెక్షన్ తీసుకుంటే నొప్పి తగ్గి మనిషి నిశ్చింతగా ఉంటాడు, లోపల నష్టం సాగిపోతూనే ఉంటుంది. పైగా ఇరుకైన చోట సూది వల్ల రక్తం కారి గడ్డకట్టినా అదనపు ఒత్తిడిని తట్టుకునే జాగా ఉండదు. ఈ లక్షణాలు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే శస్త్రచికిత్సే సరైన దారి. మెడ వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి తీసే ఎక్స్-రేలలో పూస 3.5 మిల్లీమీటర్లకు మించి జరిగినట్టు కనబడితే కూడా ఇంజెక్షన్ కంటే ముందు వెన్నెముక సర్జన్‌ను కలవాలి.

వెన్నుపాముకు ఏమీ కాక, చేతిలోకి లాగే నొప్పి మాత్రమే ఉంటే మందులు, ఫిజియోథెరపీతో కొన్ని వారాలు వేచి చూడటమే మొదటి దారి. చాలామందికి నొప్పి వారాలలో, నెలలలో తగ్గుతుంది. క్షౌరశాలలో మెడ విరిపించుకునే అలవాటు ఉన్నవారు మాత్రం దాన్ని పూర్తిగా మానుకోవాలి. కొన్ని వారాలు ఆగినా నిద్ర పట్టనంత నొప్పి ఉంటేనే ఇంజెక్షన్ మాట.

దానికి సిద్ధపడినప్పుడు రక్తం పలచబడే మాత్రల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ మాత్ర ఎన్నాళ్లు ఆపాలో గుండె డాక్టరూ ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరూ కలిసి నిర్ణయించాలి, సొంతంగా ఆపరాదు. షుగరు ఉన్నవారికి కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. సి-ఆర్మ్ అనే ఎక్స్-రే యంత్రం తెర మీద, ఎక్స్-రేలో కనబడే కాంట్రాస్ట్ మందు ఎటు పాకుతున్నదో చూస్తూ ఇస్తున్నారా అని అడగడానికి మొహమాటపడనక్కర లేదు. పూర్తి మత్తు కూడా వద్దు. సూది నరాన్ని తాకితే “చేతిలోకి షాక్ కొట్టింది” అని చెప్పగలిగే మెలకువ రోగికి ఉండాలి. ఇంటికి వచ్చాక కాళ్లలో గాని చేతుల్లో గాని కొత్తగా బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, జ్వరంతో మెడ బిగిసినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి బయలుదేరాలి.