ఖైనీ మానేవాళ్లకి నికోటిన్ గమ్: నమిలే పద్ధతి తెలిస్తేనే డబ్బుకు తగ్గ ఫలితం

విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్యా, గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేచోటా ఖైనీ గురించి వినపడేది ఒకటే మాట: "అది పడితే టెన్షన్ తగ్గుద్దండీ." పొగాకులో అలవాటు పట్టించే పదార్థం నికోటిన్; దాన్నే కొద్దికొద్దిగా అందించి ఖైనీ మాన్పించేది నికోటిన్ గమ్. దాని మంచిచెడ్డలు చెప్పేముందు ఈ మాట సంగతి తేల్చాలి. గమ్ కొని, రెండు రోజులు నమిలి, "ఇది పనిచేయదు" అని పక్కన పడేసేవాళ్లు చాలావరకు ఇక్కడే పొరబడతారు.

ఖైనీ నలపడం దగ్గర నుంచి చూడండి. అరచేతిలో చిటికెడు ఆకు, దాని మీద గోటితో తీసిన సున్నం, బొటనవేలితో కాసేపు నలుపుడు, రెండు తట్లు తట్టి దుమ్ము ఎగరగొట్టడం, ఆ తర్వాత కింది పెదవి లోపలికి. ఆ సున్నం రుచి కోసం కాదు. సున్నం క్షారం. క్షారం తగిలిన నికోటిన్ నోటి లోపలి పొరను సులువుగా దాటి రక్తంలో కలుస్తుంది. అక్కడ అడ్రినలిన్‌ను రేపుతుంది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్ల దాకా అదనంగా కొట్టుకుంటుంది, బీపీ కొంత పెరుగుతుంది, వేళ్లలోని సన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. సిగరెట్‌లో అయితే ఇది గుప్పున ఎక్కి త్వరగా దిగుతుంది. ఖైనీలో అరగంట దాకా నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటుంది, ఉమ్మేశాక కూడా వెంటనే దిగదు. రక్తంలోని నికోటిన్ సగానికి రావడానికే సుమారు 2 గంటలు కావాలి. గంటకోసారి పెట్టే మనిషి గుండెకు పొద్దుటి నుంచి రాత్రి దాకా తెరిపి ఉండదు.

మరి ఆ హాయి ఎక్కడిది? రాత్రి నిద్రలో నికోటిన్ దిగిపోతుంది. లేవగానే చిరాకు, మనసు ఒకచోట నిలవకపోవడం, ఊరికే కంగారు. అది పని ఒత్తిడి కాదు, నికోటిన్ లేమి. చిటికెడు పెట్టగానే ఆ లేమి తీరుతుంది కాబట్టి టెన్షన్ తగ్గినట్టు అనిపిస్తుంది. అదే సమయంలో గుండె వేగం మాత్రం పెరుగుతూ ఉంటుంది.

నమ్మకం కలగకపోతే చూసుకోవచ్చు. కరోనా నాడు కొన్న వేలి ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో మూలన పడి ఉంది. ఫ్యాను కింద 10 నిమిషాలు కుదురుగా కూర్చుని, టీ తాగకుండా, ఖైనీ పెట్టకముందు ఒకసారి, పెట్టాక 10 నిమిషాలకూ 30 నిమిషాలకూ గుండె అంకె రాసుకోండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది, ఒంట్లో నీరు తగ్గినా గుండె వేగం పెరుగుతుంది కాబట్టి. ఆక్సీమీటర్ లేకపోతే మణికట్టు నాడి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చాలు.

ఇక గమ్ విషయం. నికోటెక్స్ లాంటి పేర్లతో 2 ఎంజీ, 4 ఎంజీ అని రెండు మోతాదుల్లో వస్తుంది, పుదీనా, పాన్ వంటి రుచుల్లో. 2 ఎంజీ దాదాపు ప్రతి మందుల షాపులోనూ అడిగితే ఇస్తారు. 4 ఎంజీ డాక్టరు చీటీ మీద తీసుకోవాలి. దానికోసం కాలనీ షాపుల చుట్టూ తిరిగేకంటే విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట వంటి ఆసుపత్రుల వీధుల్లో అడగడం తేలిక. లేచిన అరగంటలోపే మొదటి చిటికెడు పడాల్సిన మనిషికి 2 ఎంజీ సాధారణంగా చాలదు. ఒక 2 ఎంజీ బిళ్ల సరిగ్గా నమిలితే ఒంటికి ఎక్కేది సుమారు 1 ఎంజీ మాత్రమే. ఖైనీ నుంచి ఒక్కో విడతకి ఎక్కేది అంతకంటే బాగా ఎక్కువ. అలాంటివాళ్లు మోతాదు తక్కువ తీసుకుని గమ్‌ని తిట్టుకుంటారు.

నమలడంలోనే అసలు కిటుకుంది. బిళ్ల పళ్ల మధ్య పెట్టి నిదానంగా, పది పదిహేనుసార్లు కొరకాలి. మిరియం నమిలినట్టు నాలుక మీద చురుక్కుమంటుంది. అప్పుడు ఆపేయాలి. బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి. నిమిషంలో ఆ చురుకు తగ్గుతుంది. మళ్లీ నాలుగు కొరుకులు, ఈసారి రెండో బుగ్గన. ఇలా అరగంట. సినిమా హాల్లో చూయింగ్ గమ్ నమిలినట్టు ఆపకుండా నమిలితే నికోటిన్ అంతా ఒకేసారి ఊరి కడుపులోకి పోతుంది. కడుపులోకి పోయినదాన్ని లివర్ చాలావరకు విరిచేస్తుంది. మనిషికి మిగిలేది వెక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం.

ఖైనీ అలవాటున్నవాళ్లకి ఇందులో ఒక సౌలభ్యం, ఒక చిక్కు. దవడన పెట్టి ఓపిగ్గా ఉండటం వాళ్లకి కొత్త కాదు. కానీ అలవాటు కొద్దీ ఊరిన నీరంతా ఉమ్మేస్తారు, దాంతోపాటే మందూ పోతుంది. గమ్‌కి ఉమ్మడం ఉండదు. నీరు కాసేపు నోట్లో నిలిపి కొంచెం కొంచెంగా మింగాలి. ఇన్నాళ్లూ ఖైనీ పెట్టిన చోటే గమ్ పెట్టకండి, అక్కడి పొర ముందే దెబ్బతిని ఉంటుంది. ఆ చోట తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ కనపడితే గమ్ సంగతి తర్వాత, ముందు పళ్ల డాక్టరుకి చూపించాలి.

పులుపు దీనికి గిట్టదు. నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ పొరను దాటలేదు. సున్నం చేసే పనికి ఇది సరిగ్గా తిరగబడ్డ పని. నిమ్మసోడా, పుల్లమజ్జిగ, కాఫీ, కూల్‌డ్రింకు, గోంగూర అన్నం, ఏదైనా సరే 15 నిమిషాల ఎడం ఇవ్వాలి. నీళ్లతో పుక్కిలించి మొదలుపెడితే ఇంకా మంచిది. మన ఎండాకాలంలో చేతిలో నిమ్మసోడా, బుగ్గన గమ్ పెట్టుకుని "ఏమీ ఎక్కట్లేదు" అనేవాళ్ల ఇబ్బంది ఇదే.

మొదటి 6 వారాలు గంట రెండు గంటలకొకటి, తర్వాత 3 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, ఆఖరి 3 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. ఇది మామూలు క్రమం. బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే నమిలితే కుదరదు. లేమి ముదిరాక పెట్టుకున్న గమ్ ఎక్కేసరికి అరగంట అవుతుంది, ఈలోపు చెయ్యి ఖైనీ పొట్లం మీదకి పోతుంది. మానిన రెండు మూడు రోజులకి ఆందోళన, చిరాకు, నిద్రలేమి బాగా ముదురుతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. ఆ రోజుల్లో "మానేశాక దడ పెరిగింది" అనిపించవచ్చు. అప్పుడు మళ్లీ ఆక్సీమీటర్ పెట్టి చూడండి. ఖైనీ రోజులకంటే అంకె తగ్గే ఉంటుంది చాలామందికి. గమ్ కూడా గుండె వేగాన్ని కొద్దిగా పెంచుతుంది, అది దాచకూడదు. అయితే ఖైనీతో పోలిస్తే మోతాదు తక్కువ, క్యాన్సర్ తెచ్చే పొగాకు విషాలు నోటికి తగలవు.

గమ్ నములుతూ తక్కిన ఉత్తేజక పదార్థాలు పెంచేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకి 300 ఎంజీ దాకా కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మి.లీ. డబ్బాలో 75 ఎంజీ. దాని పైన రెండు స్ట్రాంగ్ టీలు, ఒక గమ్ పడితే చేతులు వణుకుతాయి, దడ వస్తుంది, ఆ దడకి భయం తోడవుతుంది. సిగరెట్ మానేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. పొగలోని రసాయనాలు లివర్‌లో కెఫీన్ విరిగే వేగాన్ని పెంచుతాయి. పొగ ఆగాక అదే కాఫీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కాఫీ సగానికి తగ్గించుకోవాలి. ఖైనీలో పొగ లేదు గనక ఈ లెక్క ఖైనీవాళ్లకి వర్తించదు.

"పొగాకు లేదు" అని రాసిన పాన్ మసాలాకి మారడం మాత్రం పూర్తిగా తప్పు. వక్కలోని అరెకోలిన్ నిమిషాల్లోనే ఒళ్లు వెచ్చబరిచి, చెమట పట్టించి, గుండె వేగం పెంచుతుంది. అంతకంటే పెద్ద నష్టం, బుగ్గ లోపల గట్టి పట్టీలు కట్టి నోరు తెరుచుకోకుండా చేసేదీ వక్కే. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టనివాళ్లకి గమ్ నమలడం నరకం. వాళ్లు చప్పరించే నికోటిన్ బిళ్ల గానీ, ఒంటికి అంటించే ప్యాచ్ గానీ డాక్టరుని అడగాలి. కట్టుడు పళ్లు ఉన్నవాళ్లకీ అదే దారి, గమ్ పళ్లకి అతుక్కుంటుంది.

గుండెపోటు వచ్చి రెండు వారాలు దాటనివాళ్లు, గుండె లయ బాగా తప్పేవాళ్లు, ఛాతీనొప్పి ముదురుతున్నవాళ్లు, గర్భిణులు షాపువాడి మాట మీద గమ్ కొనకూడదు. దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే గమ్ మానేసి చూద్దామని కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. మానే ప్రయత్నంలో మాటసాయం కావాలంటే పొగాకు పొట్లం మీదే ముద్రించిన 1800-11-2356 నంబరు ఉంది, ఉచితం.

మా మాట: ఖైనీ మానాలని గట్టిగా అనుకుని, రోజు లెక్క పెట్టుకుని వాడేవాళ్లకి ఇది కొనదగ్గ వస్తువు. గుట్కా మానేవాళ్లకి పాన్ రుచి కంటే పుదీనా మేలు, పాత రుచి పాత కోరికను లేపుతుంది. మొదట ఒక్క స్ట్రిప్ తీసుకోండి, మోతాదు కుదిరాక ఎక్కువ కొనండి. మే నెలలో లారీ డ్యాష్‌బోర్డు మీద పెడితే మెత్తబడి రేకుకి అంటుకుంటుంది, చొక్కా జేబు కంటే సంచిలో నీడన ఉంచడం మంచిది. నమిలేసిన ముక్కలో కూడా నికోటిన్ మిగిలి ఉంటుంది. కాగితంలో చుట్టి, పిల్లలకి అందని చెత్తబుట్టలో వేయండి.